కొత్త కొండ జోలికి వెళ్లే ముందు పాత గనిలో సుద్ద కడగాలి

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బాక్సైట్ (అల్యూమినియం తీసే రాయి) మాట ఎత్తితే చాలు, చర్చ తవ్వకానికి కొండ ఇవ్వాలా వద్దా అన్న దగ్గరికే వెళ్తుంది. వెళ్లాల్సిందే. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి కొండల్లో 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దని తేల్చి చెప్పాయి. ఇప్పుడు సిజిమాలి అనే మరో బాక్సైట్ కొండ వంతు వచ్చింది. అయితే దానికంటే ముందు తేలాల్సిన లెక్క ఒకటుంది. ఇప్పటికే తెరిచిన గనుల్లో నాసిరకమని వదిలేస్తున్న రాయిలో ఎంత పనికొస్తుంది?

కొరాపుట్ జిల్లాలోని పంచపట్‌మాలి లాంటి గనిలో పైన ఎర్రని లేటరైట్ రాయి, దాని కింద బాక్సైట్, ఇంకా దిగేకొద్దీ పాలిపోయిన మెత్తని ఖొండలైట్ రాయి కనిపిస్తాయి. ఆ అడుగు పొరలోనూ అల్యూమినా, అంటే అల్యూమినియం తయారీకి కావాల్సిన పదార్థం, ఉంటుంది. చిక్కంతా సిలికాతోనే. ఆ రాయిని తడిపి నలిపితే వేళ్లకు తెల్లని సుద్ద అంటుకుంటుంది. అదే కయోలిన్, సిలికా కలిసిన బంకమట్టి. రిఫైనరీలో అల్యూమినాను కరిగించడానికి వాడే కాస్టిక్ సోడాలో ఇదీ కరుగుతుంది. కరిగి ఊరుకోదు, కొంత సోడానూ కొంత అల్యూమినానూ పట్టుకుని మళ్లీ గడ్డకట్టి, రిఫైనరీ వ్యర్థమైన ఎర్రబురదలో కలిసిపోతుంది. ఖరీదైన రెండు సరుకులూ బురద చెరువు పాలు!

క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే గట్టి ఖనిజం) రూపంలోని సిలికాతో ఇంత నష్టం లేదు. ఇక్కడి గిబ్సైట్ రకం బాక్సైట్ సుమారు 140 డిగ్రీల వేడికే కరుగుతుంది, ఆ వేడిలో క్వార్ట్జ్ పెద్దగా కరగదు. అందుకే మొత్తం సిలికా శాతం ఒక్కటే చూసి రాయిని పారేయడం తప్పని నా అభిప్రాయం. సోడాను తినే సిలికా ఎంతో విడిగా తేల్చాలి.

సుద్దను తీయడానికి పెద్ద విద్య అక్కర్లేదు. రాయిని మరీ పొడి చేయకుండా పగలగొట్టి, తిరిగే డ్రమ్ములో నీళ్లతో రుద్ది, జల్లెడ పడితే కయోలిన్‌లో చాలా భాగం సన్నపొడితో పోతుంది. బ్రెజిల్‌లోని ట్రొంబెటాస్‌లో బాక్సైట్‌ను కడిగే పంపుతారు. రాయిలోని ఇనుము సంగతి వేరు. అయస్కాంతంతో కొంత లాగొచ్చు కానీ, రేణువులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటే సన్నగా నూరాలి, ఖర్చు పెరిగిపోతుంది. చైనాలో రసాయనాలతో నురగలో తేల్చి వేరు చేస్తారంటే, అక్కడి డయాస్పోర్ రకం బాక్సైట్‌కు ఆ అవసరం ఉంది. మనం దాన్ని కాపీ కొట్టక్కర్లేదు.

నాకున్న టెన్షన్ అంతా నీళ్ల గురించే. నాగావళి, వంశధార పుట్టేది ఈ కొండల్లోనే. తోటపల్లి, గొట్టా బ్యారేజీల కింద పొలాలు తడిసేది ఆ నీళ్లతోనే. కడిగిన బురద ఓ పట్టాన అడుగుకు దిగదు, వాగులో పడితే కింద ఊళ్లకు తాగునీటి కష్టమే. ఎండిన రాయిలో సుద్ద రాలిపోయే చోట ముందు పొడి జల్లెడే వాడాలి. కడగక తప్పకపోతే నీటిని తిప్పి వాడాలి, బురదను తవ్వేసిన గుంతల్లోనే పద్ధతిగా నింపాలి. ఈ ఏర్పాటు లేని వాషింగ్ ప్లాంటుకు నేను ఒప్పుకోను.

కొత్త గని రాకపోతే లారీలకు కిరాయి ఉండదని రాయగడలో మనవాళ్లు చాలామంది భయపడతారు. ఆ భయం నిజమైనదే. పాత గనిలో పక్కన పెట్టిన రాయినీ ఎత్తాలి, జల్లించాలి, మొయ్యాలి, ఆ పనికీ మనుషులు కావాలి. టన్ను అల్యూమినియంకు సుమారు 4 టన్నుల బాక్సైట్ పడుతుంది కాబట్టి, పారేసే రాయిలో దక్కే ప్రతి వాటా కొత్త తవ్వకాన్ని అంతమేర తగ్గిస్తుంది. అల్యూమినియం పరిశోధనకే పెట్టిన కేంద్రం నాగ్‌పూర్‌లో ఉంది. ఒక్కో గనిలోని నాసిరకం రాయిని అక్కడ పరీక్షించి, కడిగితే ఎంత మిగులుతుందో, ఎన్ని నీళ్లు పడతాయో ఒడియాలోనూ, అక్కడి కొంధు గిరిజనుల భాష కువిలోనూ, తెలుగులోనూ గ్రామసభ ముందు పెట్టాలి. కొత్త లీజు ఫైలు ఆ తర్వాతే కదలాలి.