సముద్రాన్ని ఖాళీ చేసింది నేనే

ఇంగ్లండ్ తీరంలో చేపలు ఎందుకు తగ్గిపోయాయో, ఎవరు తగ్గించారో చాలా ఏళ్లుగా వెతుకుతున్నారు. ఇక ఎవరూ శ్రమ పడక్కర్లేదు, నేనే. ప్లిమత్ దగ్గర రాళ్ల మీద, ఆదివారం పూట మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఇసుక పురుగులు, చేతిలో ఒక గాలం పెట్టుకుని కూర్చునే ఆ టోపీ మనిషిని నేనే. పన్నెండేళ్లుగా సాగిస్తున్నాను ఈ దోపిడీ. ఇప్పటిదాకా పట్టినవన్నీ పోగేస్తే ఒక గంపెడు అవుతాయేమో, అందులో సగం మళ్లీ నీళ్లలోకే పోయాయి. అయినా నేరం నేరమే కదా.

ఈ సంగతి నా అంతట నేను కనిపెట్టింది కాదు, చట్టం చెబితే తెలిసింది. సీ బాస్ చేప (మన పండుగప్పకి పేరులోనే చుట్టం, వంశంలో కాదు) బాగా తగ్గిపోయిందని 2016లో యూరోపియన్ యూనియన్ నిబంధనలు బిగించింది, అప్పటికి బ్రిటన్ ఇంకా అందులోనే ఉంది. ఆ ఏడాది సరదాకి గాలం వేసేవాళ్లు జనవరి నుంచి జూన్ దాకా ఒక్క బాస్ కూడా ఇంటికి తీసుకెళ్లకూడదన్నారు, పడితే వదిలెయ్యాలన్నారు. జూలై నుంచి రోజుకి ఒకటి. వ్యాపారానికి గాలాలు, నిలవు వలలు వేసే పడవలకి ఫిబ్రవరి, మార్చి నెలలు సెలవు, మిగతా నెలల్లో పడవకి నెలకి 1.3 టన్నులు. అంటే ఏప్రిల్లో నా వాటా సున్నా, ఆ పడవ వాటా 1,300 కిలోలు. మొదట నాకు ఒళ్లు మండింది కానీ, నిదానంగా ఆలోచిస్తే ఇందులో గొప్ప శాస్త్రం కనిపించింది. బతుకుతెరువు కోసం చంపితే చేప అర్థం చేసుకుంటుంది, సరదాకి చంపితేనే మనసు కష్టపెట్టుకుని పిల్లల్ని కనడం మానేస్తుంది.

ఆ ఏప్రిల్లోనే నాకు జన్మలో పడనంత బాస్ పడింది. ఫోటో తీసుకుని, రెండు చేతులతో జాగ్రత్తగా నీళ్లలో వదిలి, ఇంటికొచ్చి గర్వంగా ఫోన్ చూపించాను. మా ఆవిడ అప్పటికే చింతపండు నానబెట్టింది. ఫోటో వంక చూసి, "ఇప్పుడు దీన్ని పులుసులో వెయ్యమంటారా?" అంది. మాట్లాడకుండా బజారుకెళ్లి, ఐసు మీద పడుకోబెట్టిన బాస్ ఒకటి కొనుక్కొచ్చాను. అది పొద్దున నేను వదిలిందే కాదని ప్రమాణం చేసి చెప్పలేను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, వ్యంగ్యం కాకుండానే. ఈ దేశంలో గాలం వేసేవాళ్లం లక్షల్లో ఉన్నాం, అందరివీ కలిపితే మేం పట్టే బాస్ తక్కువేమీ కాదు. మా మీద కూడా హద్దు ఉండాల్సిందే. ఇద్దరు మనుషుల చిన్న పడవ వేసుకుని పోయేవాడి మీద కూడా నాకు కోపం లేదు, వాడి బాధలు వాడివి. నేను మాట్లాడేది సముద్రం అడుగున వ్యవసాయం చేసే మహానుభావుల గురించి.

వ్యవసాయం అని ఊరికే అనలేదు. స్కాలప్ అని ఒక గుల్ల ఉంది, ఇక్కడి హోటళ్లలో మూడు ముక్కలు పళ్లెంలో పెట్టి మన వారం కూరల ఖర్చు గుంజుతారు. అది ఇసుకలో కూరుకుని ఉంటుంది. దాన్ని పైకి లేపడానికి వాడే డ్రెడ్జి చూస్తే నాకు మా ఊళ్లో ఎడ్లకి కట్టే దంతె గుర్తొచ్చింది. ముందు ఇనుప పళ్లు, వెనక గొలుసులతో అల్లిన సంచి, అలాంటివి పడవకి అటూ ఇటూ వరసగా కట్టి లాక్కుపోతారు. సముద్రాన్ని దున్నితే మంచిదే, కింది సారం పైకొస్తుంది అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఉండచ్చు. కాకపోతే మా ఊళ్లో దున్నాక విత్తనం వేసేవాళ్లు, ఇక్కడ ఆ పని చేపలకే వదిలేశారు. గులాబీ రంగు సీ ఫ్యాన్ అని విసనకర్ర లాంటి పగడపు జీవి ఒకటి ఈ తీరంలో ఉంటుంది, ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ముప్పై ఏళ్లు పెరిగినదాన్ని దంతె ఒక్క ఊపులో ఇంటికి పంపిస్తుంది. నా సంచిలో మాత్రం స్కేలు ఉంటుంది, ఎందుకంటే 42 సెంటీమీటర్లకి ఒక్క గీత తగ్గిన బాస్‌ని ఉంచుకుంటే నేను దొంగని.

మరి ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. 1376లో అడిగారు. మూడో ఎడ్వర్డ్ రాజుగారికి జనం అర్జీ పెట్టుకున్నారు, అయ్యా, కొత్తరకం వల ఒకటి వచ్చింది, దాని బరువైన ఇనుము నీళ్లడుగున ఉన్న పూలన్నిటినీ నాశనం చేస్తోంది, పడే చిన్న చేపలు ఎన్నంటే ఏం చెయ్యాలో తెలీక పందులకి మేపుతున్నారు అని. రాజుగారు విచారణ వేశారు. ఆరున్నర శతాబ్దాలు ఎంతలో గడిచాయి చెప్పండి, తొందరపడితే ఎలా?

మధ్యలో ఇంకో విచారణ కూడా జరిగింది. 1863లో వేసిన రాయల్ కమిషన్ మూడేళ్లు ఊరూరా తిరిగి, ఆంక్షలన్నీ ఎత్తెయ్యమంది. అందులో సభ్యుడైన థామస్ హక్స్‌లీ చిన్నవాడేం కాదు, డార్విన్ తరఫున వాదించిన మేధావి. ఆయనే 1883లో లండన్ చేపల ప్రదర్శనలో కాడ్, హెర్రింగ్ లాంటి చేపల పెద్ద వేటలు తరగనివని ప్రకటించాడు. తర్వాత ఏమైందో తెలుసుకోవాలని కొందరు శాస్త్రవేత్తలు 1889 నుంచి ఉన్న రికార్డులు తిరగేసి 2010లో లెక్క తేల్చారు. పడవల శక్తితో పోలిస్తే ఒడ్డుకొచ్చే చేప 94 శాతం పడిపోయింది. తరగనిది తరిగిపోతే తప్పు హక్స్‌లీది ఎలా అవుతుంది, ఆయనకి మాట ఇచ్చి తప్పింది చేపలు.

స్కాట్లండ్ వాళ్లు కొంచెం నెమ్మది మనుషులు. 1889లోనే ఒడ్డు నుంచి మూడు మైళ్ల లోపు ట్రాలింగ్ (పడవకి కట్టిన వలని అడుగున ఈడ్చుకుపోవడం) వద్దన్నారు. 1984లో ఎవరికో ఈ నిబంధన పాతకాలం నాటిదని తట్టింది, ఎత్తేశారు. క్లైడ్ సముద్రంలో ఆరన్ దీవి దగ్గర లామ్లాష్‌లో ఏటా గాలాల పండగ జరిగేది, ఎక్కడెక్కడి నుంచో వచ్చి కాడ్ మీద కాడ్ లాగి తూచేవాళ్లు. 1990ల్లో తూకానికి చేపలు లేక పండగే ఆగిపోయింది. ఇది కూడా గాలం వాళ్ల తప్పే, అన్నేళ్లు తూచి రాసి పెట్టకపోతే చేపలు తగ్గాయని ఎవరికీ తెలిసేదే కాదు.

2020లో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్లు ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంక్ అనే ఇసుక మెట్ట మీద బండరాళ్లు పడేశారు, ట్రాల్ వలలు లాగడానికి వీల్లేకుండా. అది అప్పటికే రక్షిత ప్రాంతం, అంటే కాగితం మీద. అనుమతి లేకుండా సముద్రంలో రాళ్లు వేశారని ప్రభుత్వ సముద్ర నిర్వహణ సంస్థ వాళ్ల మీద కేసు పెట్టింది. రాయి వెయ్యడానికి లైసెన్సు కావాలి, ఉన్న రాళ్లు పెకలించడానికి అక్కర్లేదు! 2022లో కేసు వెనక్కి తీసుకుని, అదే ఏడాది అక్కడ ట్రాలింగ్ నిషేధించారు.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ బే అనే అఖాతంలో అయితే పరిస్థితి మరీ దారుణం. 2008లో దాదాపు 200 చదరపు కిలోమీటర్లలో డ్రెడ్జీలు, ట్రాల్ వలలు ఆపేశారు, గాలాలూ పీతల బుట్టలూ మాత్రం ఉంచారు. సీ ఫ్యాన్లు మళ్లీ లేస్తున్నాయి, గుల్లలు పెరుగుతున్నాయి. దోషులమైన మమ్మల్ని లోపల ఉంచి, దున్నేవాళ్లని బయటికి పంపితే ఇలా ఎలా జరిగిందో నాకు అంతుబట్టడం లేదు.

కాకినాడలో మా మావయ్యకి ఫోన్లో ఇదంతా చెప్పుకుని బాధపడ్డాను. మన దగ్గర నయం మావయ్యా, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట బంద్, ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు రాకూడదు అన్నాను. "రాత్రి పూట ఎనిమిది కిలోమీటర్లు ఎవడు కొలుస్తాడ్రా?" అన్నాడు.

మొన్న ఆదివారం మళ్లీ నేరానికి వెళ్లాను. నాలుగు గంటలు కూర్చుంటే ఒక బాస్ పడింది, స్కేలు పెడితే 41. వదిలేశాను. వచ్చేదారిలో సూపర్ మార్కెట్‌లో ఫ్రోజెన్ రొయ్యల ప్యాకెట్ కొన్నాను, వెనక చూస్తే ఇండియా అని ఉంది, ఏ భీమవరం చెరువులోవో. రొయ్యల మేతలో చేపపొడి ఉంటుంది, ఆ పొడిలోకి ట్రాల్ వలల్లో పడే చిల్లర చేపలు కూడా పోతాయి. 1376లో పందులు తిన్నవి ఇప్పుడు రొయ్యలు తింటున్నాయన్నమాట, రాజుగారి విచారణ ఆ మేరకైనా ముందుకి కదిలింది.

"ప్యాకెట్ మీద అంతసేపు ఏం చదువుతున్నారు?" అంది మా ఆవిడ. "చింతపండు నానిపోయింది, ఇటివ్వండి."