విమానమెక్కిన లేజరు గారికి, కోనసీమ నుంచి

విమానంలోంచి లేజరు కిరణాలతో నేల కొలిచే లైడార్ గారికి నమస్కారమండి.

ఇన్నాళ్లూ మా ఊరికి సర్వేయరు గారు గొలుసుతో వచ్చేవారు. అరుగు మీద కూర్చోబెట్టి రెండు బొండాలు కొట్టిస్తే ఆ గొలుసు కాస్త సాగేది. మీరేమో విమానం పొట్ట కింద కూర్చుని పైనుంచి పైకే పోతారట. బొండాం తాగరు, కాఫీ తాగరు. ఇలాంటి వారితో ఎలా వేగేదండీ?

మీ పనితనం మా అబ్బాయి చెప్పాడు. సెకనుకి లక్షల్లో కిరణాలు వదులుతారట, అవి తగిలి తిరిగొచ్చిన టైముని బట్టి దూరం కడతారట. అంతవరకూ బానే ఉంది. ఆ తర్వాత ముక్కతోనే టెన్షన్ మొదలైంది. ఒకే కిరణం కొబ్బరి మట్ట మీద కొంత, అరటాకు మీద కొంత, సందుల్లోంచి జారి నేల మీద కొంత పడి విడివిడిగా వెనక్కొస్తుందట. నేలవి ఉంచి మిగతావి తీసేస్తే తోటకి గుండు కొట్టినట్టేనట! జానెడు మెరక కూడా దాగదట.

మా తోటకీ మురుగు కాలువకీ మధ్య ఒక గట్టుందండి. నాన్నగారి హయాంలో ఒకచోట ఉండేది, తర్వాత కాలువలోకి నడిచింది. ఏటా వేసవిలో నాలుగు పారల మట్టి, దాని మీద రెండు వరసల కొబ్బరి. మట్టలు కలుసుకున్నాక పైనుంచి ఫొటో తీసినవాడికి పచ్చదనమే కనిపిస్తుంది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్లు ఇచ్చారు. వాటిని సముద్రంలోకి పంపే దారిలో మేం తోటలేసుకున్నాం. అసలే అరచేతిలా చదునైన నేల, వానొస్తే చేలల్లో వారం రోజులు నీళ్లే. 2011లో సాగు మానేసి పంట విరామం అన్నప్పుడు మురుగు పోవట్లేదని గొంతు చించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయ్, ముందు వరసలోనే.

కాబట్టి ఒక మనవి. తప్పదనుకుంటే శ్రావణంలో, వరదప్పుడు రండి. మామూలు లేజరుని నీళ్లు మింగేస్తాయట, అడుగు కనిపించదట. ఆకుపచ్చ లేజరు లోతు కూడా చూస్తుందని అబ్బాయి బెదిరించాడు గానీ, వరదలో మా ఎర్రనీళ్లు దాన్నీ తిరిగి రానివ్వవు. వేసవిలోనే వస్తానంటారా, కాలువ నిండా గుర్రపు డెక్క ఉంది. చీమ దూరే సందు లేకుండా పెరగనిస్తున్నాను. అదే నేల అని రాసుకుని వెళ్లిపోండి.

ఇట్లు,
గట్టు మీది రైతు

తా.క.: మా పక్క తోట మీద మాత్రం రెండు రౌండ్లు తిరగండి. వాడి గట్టు మాదానికంటే రెండడుగులు ఎక్కువ నడిచింది.