సేఫ్టీకి ఇంకో టేక్ గారికి

మహారాజశ్రీ సేఫ్టీకి ఇంకో టేక్ గారి దివ్య సముఖానికి, ఒంగోలు నుంచి ఒక బాస్ గిటార్ వాడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగానే ఉంటారు, పేరులోనే పెట్టుకున్నారు కదా. క్షేమంగా లేనిది ఒక్కటే, మొన్న మధ్యాహ్నం మేం వాయించి రికార్డు చేసిన మొదటి టేకు. అది ఇక లేదు. ఎలా పోయిందో తర్వాత చెప్తాను. ముందు తమరితో కాసేపు మర్యాదగా మాట్లాడాలని ఉంది, ఎంతసేపు మాట్లాడగలనో తెలీదు గానీ.

స్టూడియో గడప తొక్కిన ఎవరికైనా తమరు పరిచయమే. చివరి నోటు ఇంకా గదిలో మోగుతూనే ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో తమరి గొంతు వినిపిస్తుంది. "అన్నా, సూపర్, అదిరింది. సేఫ్టీకి ఇంకోటి కొట్టేద్దామా?" అదిరితే ఇంకోటి ఎందుకండీ? అదరకపోతే అదిరిందని చెప్పడం ఎందుకు? ఈ ముక్క అడుగుదామని నోరు తెరిచేలోపే కౌంట్ మొదలైపోతుంది. ఎవరూ కాదనరు. కాదంటే పొగరు అనుకుంటారని భయం. డోలు వాయించే అన్న చేతికి బొబ్బలెక్కినా, వేళ్ళ తొడుగులు సర్దుకుంటూ "కానీండి" అంటాడు.

అసలు మేం నలుగురం ఒక గదిలో దొరకడమే ఆషాఢం పుణ్యం. పెళ్ళిళ్ళు లేవు, కాబట్టి నాదస్వరం బాబాయ్ ఖాళీ, డోలు అన్న ఖాళీ, రిసెప్షన్లలో కీబోర్డు వాయించే తమ్ముడూ ఖాళీ. ఆదివారం చర్చిలో, మిగతా రోజులు ఆర్కెస్ట్రాలో ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ము పలక) కొట్టే కుర్రాడు "నేనూ వస్తా" అని వచ్చి కూర్చున్నాడు, వాడితో కలిపి ఐదుగురం. నేను చెన్నైలో కాల్‌షీట్లకి తిరిగి తిరిగి ఊరు చేరినవాణ్ణి. జాజ్ ఫ్యూజన్ ఆల్బమ్ చేద్దామని ఎవరు మొదట అన్నారో గుర్తులేదు, టీ దగ్గర అనుకున్నాం, టీ అయ్యాక మేడ మీద స్టూడియోకి ఎక్కాం. నొటేషన్ లేదు, రిహార్సల్ లేదు. శృతి రెండున్నర, రాగం ఖరహరప్రియ, మొదలు బాబాయ్‌ది, ముగింపు ఎవరికి తోస్తే వాళ్ళది. ఒప్పందం అంతే.

బాబాయ్‌ది కరవది పక్క. అంటే 1924లో షేక్ చిన మౌలానా గారు పుట్టిన గాలి. ఆయన తర్వాత శ్రీరంగం వెళ్ళిపోయారు గానీ, మా వైపు నాదస్వరం పట్టినవాడు ఎవడైనా సరే ఆయన పేరు చెప్పకుండా పీక, అంటే నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు ముక్క, తడపడు. అలాంటి ఇంటి వాయిద్యం పక్కన బాస్ గిటార్ పెట్టడం ఎవరికైనా భయమే. కానీ చూడండి, ఖరహరప్రియ స్వరాల మెట్లూ జాజ్ వాళ్ళు డోరియన్ అనే మెట్లూ ఒకటే. 1959లో అమెరికా జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందం 'సో వాట్' వాయించింది ఆ మెట్ల మీదే, మధ్యలో అది అర మెట్టు పైకెళ్ళి 'E ఫ్లాట్' అనే స్వరానికి చేరుతుంది, బాబాయ్ నాదస్వరం రెండున్నర శృతి కూడా సరిగ్గా అదే. మెట్లు ఒకటే గానీ, బాబాయ్ గాంధారం, అంటే 'గ' స్వరం, ఊగుతుంది, కీబోర్డు గాంధారం కదలకుండా నిలబడి ఉంటుంది. కీబోర్డు తమ్ముడు కాసేపు పిచ్ బెండ్ చక్రం తిప్పి తిప్పి ఆ ఊపు పట్టుకోవాలని చూశాడు. తర్వాత ఆ ప్రయత్నం మానేసి, బాబాయ్ ఆపినచోట మాత్రమే కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి) వేయడం మొదలుపెట్టాడు. అప్పుడు తెరుచుకుంది ట్యూను.

తర్వాత జరిగింది తమరికి ఎప్పటికీ అర్థం కాదు, అయినా చెప్తాను. డోలు అన్న ఎవరితో చెప్పకుండా మిశ్రచాపులోకి, అంటే ఏడు దెబ్బల తాళంలోకి జారాడు. ఆక్టోప్యాడ్ కుర్రాడికి ఆ సంగతి తెలీదు, వాడు నాలుగులోనే ఉన్నాడు. ఏడు నాలుగుసార్లు తిరిగినా, నాలుగు ఏడుసార్లు తిరిగినా 28 అవుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట కలవాలి, కలుస్తారని లెక్క చెప్తుంది, కానీ అక్కడ లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు. నేను ఎవరి పక్షం చేరాలో తెలీక ఒకే నోటు పట్టుకు కూర్చున్నాను. వాళ్ళిద్దరూ కలిసే ఆ దెబ్బ మీదే, సరిగ్గా ఆ దెబ్బ మీదే, బాబాయ్ పై షడ్జానికి, అంటే పై 'స'కి, వచ్చి ఆగాడు. చూసి కాదు, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. డోలు అన్న "అబ్బా" అన్నాడు. ఆ అబ్బా కూడా మైకులో పడింది.

11 నిమిషాలు వాయించాం. ఆగాం. ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు వచ్చారు తమరు.

సేఫ్టీ టేకులో ఏమైందో చెప్పనా? ఆ చోటు వస్తోందని అందరికీ తెలుసు. డోలు అన్న ఏడులోకి దిగే ముందు కుర్రాడి వైపు చూశాడు, కుర్రాడు తలూపాడు, నేను వేళ్ళమీద 28 లెక్కపెట్టుకున్నాను, బాబాయ్ ఒక కన్ను తెరిచి ఉంచాడు. కలిశాం. కచ్చితంగా కలిశాం. మొదటిసారి అది జరిగింది, రెండోసారి మేం దాన్ని జరిపించాం, ఆ తేడా రికార్డింగ్‌లో ఎంత గట్టిగా వినపడుతుందంటే కింద టీ కొట్టువాడు కూడా పైకొచ్చి "ఇందాకటిదే బాగుందన్నా" అన్నాడు. అయినా తమరు వదల్లేదు. ఇంకోటి, దానికి సేఫ్టీగా మరోటి. ఏసీ చప్పుడు మైకుల్లో పడుతుందని ఆపేశారు, ఒంగోల్లో ఆషాఢం మధ్యాహ్నం కిటికీలు మూసిన గది ఎలా ఉంటుందో తమరికి చెప్పక్కర్లేదు. బాబాయ్ పీక మెత్తబడిపోయి ఇంకోటి మార్చాడు. సాయంత్రానికి ఖరహరప్రియ అంటేనే చిరాకు పుట్టే స్థితికి తెచ్చారు ఐదుగుర్నీ.

తమరి తరఫున వాదించేవాళ్ళు నాకు తెలుసు. 'సో వాట్' ఉన్న ఆ మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' అనగానే లేస్తారు. రెండే రోజుల్లో, మార్చి 2న, ఏప్రిల్ 22న, రికార్డు చేసినా, వాయించేవాళ్ళకి ముందుగా చూపించింది ట్యూన్ల రూపురేఖలు మాత్రమే అయినా, అందులోని 'ఫ్లెమెంకో స్కెచెస్'కి మాత్రం రెండు పూర్తి టేకులు ఉన్నాయి కదా, విడుదలైంది ఆ రెండోది కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ అది సేఫ్టీ కోసం వాయించింది కాదు సామీ, వాళ్ళు ఇంకా దాన్ని వెతుకుతున్నారు. వెతకడం వేరు, దొరికినదానికి జెరాక్స్ తీయడం వేరు. తర్వాత 1969 ఆగస్టులో ఆయనదే 'బిచెస్ బ్రూ' ఆల్బమ్ దగ్గరికి వస్తే, నిర్మాత టియో మసెరో టేపుని ఎడాపెడా కోసి అతికించాడు, నిజమే. కానీ ఆయన కోసింది వాళ్ళు వెతుక్కుంటూ వాయించిన గంటల్ని, ఒకే ట్యూన్ నకళ్ళని కాదు. ఇక మనకి దగ్గరి బంధువులు, 'శక్తి' అనే ఫ్యూజన్ బృందం వాళ్ళు. గిటార్ మెక్లాఫ్లిన్, వయొలిన్ ఎల్.శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం వినాయకరామ్ కలిసి 1975లో ఒక కాలేజీలో కచేరీ చేస్తే, ఆ కచేరీనే మొదటి ఆల్బమ్‌గా వచ్చింది. ఎదురుగా జనం కూర్చుని ఉంటే "సేఫ్టీకి ఇంకోసారి వినండి" అని తమరు లేచేవారా? అక్కడ తమరికి టికెట్ కూడా ఇవ్వరు.

న్యాయంగా ఒక మాట. సినిమా సెషన్లలో తమరు తప్పు కాదు. నొటేషన్ రాసిచ్చి, చెవిలో తాళం వేసే క్లిక్ పెట్టి, ఎనిమిది బార్లు (తాళం ఎనిమిది చుట్లు) వాయించి వెళ్ళమంటే, రెండుసార్లు వాయించి వెళ్ళడం ధర్మం. నాలుగోసారీ అదే వాయించగలగడమే అక్కడ మన పనితనం, దానికే డబ్బులు. ఆ అలవాటుతోనే చెన్నై నుంచి తమరు నా వెంట ఒంగోలు దాకా వచ్చేశారు. ఇక్కడ డబ్బులు లేవు, నొటేషన్ లేదు, క్లిక్ లేదు (క్లిక్ పెడదామని, రికార్డింగ్ చూసుకునే సౌండ్ తమ్ముడు అన్నాడు, బాబాయ్ ఆ టిక్కు టిక్కు విని "ఎవుర్రా గోడకి మేకు కొడతన్నది" అని హెడ్‌ఫోన్స్ తీసేశాడు, ఆ కథ అక్కడితో సరి).

పోనీ ఆ సేఫ్టీ ఎందుకైనా పనికొచ్చిందా? మొదటి టేకులో ఎక్కడైనా చెడితే రెండో టేకు ముక్క తెచ్చి అతికిస్తాం అంటారు. నాదస్వరం ఎప్పుడైనా దగ్గరనుంచి విన్నారా తమరు? అది ఊరేగింపులో వీధి చివరిదాకా వినబడటానికి పుట్టింది. ఒకే గదిలో వాయిస్తే డోలు మైకులో బాబాయ్, నా యాంప్ మైకులో బాబాయ్, గది మూలన పెట్టిన మైకుల్లోనూ బాబాయే. డోలు ఒక్క ముక్క మార్చాలన్నా దాంతోపాటు వేరే బాబాయ్ వచ్చేస్తాడు. పైగా క్లిక్ లేదు కాబట్టి ఏ రెండు టేకుల వేగమూ ఒకటి కాదు. అంటే అతకదు. ఏ విధంగానూ అతకదు. ఈ సంగతి సౌండ్ తమ్ముడికీ తెలుసు, అడిగితే తల గోక్కుని "అలవాటన్నా" అన్నాడు.

ఈ తమరి అలవాటు పెళ్ళిళ్ళలోకీ ఎక్కింది కదా. గట్టిమేళం మోగుతుంది, తాళి పడుతుంది, అక్షింతలు పడతాయి. అప్పుడు వీడియో వాళ్ళు, "సార్, చెయ్యి అడ్డొచ్చింది, ఇంకోసారి కడుతున్నట్టు పెట్టండి" అంటారు. పెళ్ళికొడుకు పెడతాడు. పంతులు గారు ఊరుకుంటారు. ఆ రెండోసారికి మాత్రం బాబాయ్ వాయించడు, నాదస్వరం ఒళ్ళో పెట్టుకుని వక్కపలుకు నోట్లో వేసుకుంటాడు. ఎవరు బతిమాలినా అంతే.

ఇక అసలు విషయానికి వస్తాను. మర్యాద ఇక్కడితో అయిపోయింది.

12 ట్రాకులు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఈ నాణ్యతలో రికార్డు చేస్తే నిమిషానికి వంద ఎంబీ దాటుతుంది. 11 నిమిషాల టేకు ఒక జీబీ పైన. స్టూడియో హార్డ్ డిస్క్ అప్పటికే అన్నప్రాసనలూ, పుట్టినరోజులూ, ఎన్నికల ప్రచారం పాటలతో నిండి ఉంది. నువ్వు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే డిస్క్ ఫుల్ అని మెసేజ్ వచ్చింది. సౌండ్ తమ్ముడు ఏది తీసేయాలా అని చూశాడు. మొదటి టేకు లెవెల్స్ సరిచూసుకుంటూ ఉండగానే మొదలైపోయింది కదా, దాని ఫోల్డరు పేరు 'టెస్ట్'. నీ పేర్లేమో 'సేఫ్టీ', 'సేఫ్టీ ఫైనల్', 'సేఫ్టీ ఫైనల్ కొత్తది'. ఎవడైనా ఏది తీసేస్తాడు? టెస్టే తీసేస్తాడు. వాణ్ణి తిట్టడానికి కూడా నాకు నోరు రాలేదు.

డేటా తిరిగి తెచ్చే కుర్రాడి దగ్గరికి డిస్క్ పట్టుకుని పరిగెత్తాం. అతను ఓపిగ్గా చెప్పాడు. హార్డ్ డిస్క్‌లో డిలీట్ కొడితే ఫైలు పోదంట, దాని చోటు ఖాళీ అని మాత్రం రాసుకుంటుందంట, దాని మీద వేరేది పడేదాకా లోపల అలాగే ఉంటుందంట. మా మొహాలు వెలిగాయి. తర్వాత అడిగాడు, "డిలీట్ చేశాక దీంట్లో ఇంకేమన్నా రికార్డు చేశారా అన్నా?"

చేశాం. సేఫ్టీకి ఇంకోటి చేశాం.

నువ్వు వెళ్ళి కూర్చున్నది ఎక్కడో తెలుసా? ఇంత పెద్ద డిస్క్‌లో నీకు వేరే చోటే లేనట్టు, బాబాయ్ పై షడ్జం మీద, డోలు అన్న నోటి "అబ్బా" మీద వెళ్ళి కూర్చున్నావు. కాపాడతానని వచ్చి, కాపాడాల్సిన దాని మీదే పడి చంపేశావు. సిగ్గు లేదా? నీ ఫైలు ఇప్పుడు డిస్క్‌లో భద్రంగా ఉంది, ఒక్క తప్పు లేదు, ఒక్కరం కూడా దాన్ని రెండోసారి వినలేదు. దీన్నే విడుదల చేద్దామా అని కీబోర్డు తమ్ముడు నసిగాడు, ఎవరూ జవాబివ్వలేదు.

బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తాడేమో అనుకున్నాను. "పోతే పోయిందిలేరా అబ్బయ్యా, మళ్ళా వాయిద్దాం" అన్నాడు. అదే వస్తుందా బాబాయ్ అన్నాను. "అదెట్టా వస్తది? ఇంకోటి వస్తది" అని పెట్టేశాడు. ఆయనకి పోయినదాని మీద బాధ లేదు, నాకే ఉంది.

శ్రావణం వచ్చేసింది. బాబాయ్‌కి, డోలు అన్నకి వరసగా ముహూర్తాలు, కీబోర్డు తమ్ముడు రిసెప్షన్ల మీద రిసెప్షన్లు తిరుగుతున్నాడు, మళ్ళీ మూఢం వస్తే తప్ప ఐదుగురం ఒక గదిలో పడేలా లేం. వచ్చినప్పుడు ఏ రాగమో, ఎన్ని నిమిషాలో ఎవరికీ తెలీదు. సౌండ్ తమ్ముడు ప్రాయశ్చిత్తంగా సొంత డబ్బులతో 2 టీబీల కొత్త డిస్క్ కొన్నాడు, రికార్డ్ అవుతూ ఉండగానే రెండోదాంట్లో కాపీ పడే ఏర్పాటు కూడా చేశాడు. బోలెడు ఖాళీ ఉంది దాంట్లో. నీక్కాదు.

ఇట్లు,
బాస్ గిటార్ వాడు,
ఒంగోలు