జైళ్లు ప్రైవేటుకిస్తే ఖర్చు తగ్గుతుందన్న మాటకు జవాబు

కొన్నాళ్లుగా హైదరాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా కాలనీ గ్రూపులోకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "నేరగాళ్లను మన పన్నులతో మేపుతున్నాం. చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్లను కంపెనీలకు అప్పగిస్తే ఖర్చు ఐదో వంతు తగ్గుతుంది. అమెరికాలో జైళ్లన్నీ ప్రైవేటువే. కెనడా, ఆస్ట్రేలియా కూడా అదే చేశాయి. ఒప్పందం గట్టిగా రాసుకుని, తప్పు జరిగితే జరిమానా వేస్తే చాలు. ప్రభుత్వానికి బాధ్యతా తప్పుతుంది, తలనొప్పీ తప్పుతుంది." నేను గౌరవించే పెద్దలు కూడా దాన్ని మెచ్చుకున్నారు. నా ఉద్యోగమంతా ప్రభుత్వ ఖాతాల ఆడిట్‌లోనే గడిచింది. లెక్కలు చూడకుండా లెక్కల పేరు చెప్పడం నాకు మింగుడుపడలేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

"అమెరికాలో జైళ్లన్నీ ప్రైవేటువే"

కావు. అక్కడి రాష్ట్ర, ఫెడరల్ జైళ్ల ఖైదీల్లో ప్రైవేటు చేతిలో ఉన్నది దాదాపు 8 శాతం. ఈ వ్యాపారం చేసే మొదటి పెద్ద కంపెనీ 1983లో టెనెసీలో పుట్టింది. ఇన్నేళ్లయినా లెక్క అక్కడే ఉంది. వలసదారుల నిర్బంధ కేంద్రాల్లో మాత్రం ప్రైవేటుదే పైచేయి, అది వేరే కథ. 2016లో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఫెడరల్ కాంట్రాక్టు జైళ్లను, అదే తరహా ప్రభుత్వ జైళ్లతో పోల్చి చూశారు. భద్రతకు సంబంధించిన కొలమానాల్లో ఎక్కువ వాటిలో కాంట్రాక్టు జైళ్లే వెనకబడ్డాయి. ఆ తర్వాత అక్కడి విధానం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది: ఒబామా హయాంలో వద్దన్నారు, 2017లో మళ్లీ సరేనన్నారు, 2021లో బైడెన్ మళ్లీ ఆపారు, 2025 జనవరిలో ట్రంప్ ఆ ఉత్తర్వును రద్దు చేశారు. ఆదర్శంగా చూపించే దేశంలోనే ఇంకా తేలని విషయం ఇది.

"ఖర్చు ఐదో వంతు తగ్గుతుంది"

ఈ 20 శాతం మాట కొత్తది కాదు. అమెరికాలో ఈ వ్యాపారాన్ని సమర్థించినవారు మొదట్నుంచీ చెప్పుకొచ్చిన అంకె ఇదే. 2001లో అమెరికా న్యాయశాఖ విభాగమైన బ్యూరో ఆఫ్ జస్టిస్ అసిస్టెన్స్ ప్రచురించిన అధ్యయనం దీన్ని పరీక్షకు పెట్టింది. తేలిన ఆదా సగటున 1 శాతం. అదీ ఎక్కువగా సిబ్బంది మీద పెట్టే ఖర్చు తగ్గించడం వల్ల వచ్చింది. అంతకుముందే 1996లో, ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే మన కాగ్ లాంటి పని చేసే అక్కడి సంస్థ జీఏఓ, అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడపోసి, ప్రైవేటు వల్ల ఆదా అవుతుందని తేల్చడానికి వాటిలో ఆధారం లేదంది. 2007లో మరోసారి చూస్తే, ఫెడరల్ జైళ్ల శాఖ అసలు పోల్చడానికి కావలసిన సమాచారమే సేకరించడం లేదని బయటపడింది. పోల్చకుండానే చవక అంటున్నారన్నమాట.

ఆడిట్‌లో మేం మొదట చూసేది ఒకటే. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టేముందు, రెండింట్లోనూ అవే పద్దులు ఉన్నాయా? అమెరికాలోని అరిజోనా రాష్ట్రం సంగతి చూడండి. అక్కడి ప్రైవేటు జైళ్లకు పెద్ద జబ్బులున్న ఖైదీలను తీసుకోకుండా ఉండే వెసులుబాటు ఉండేది. వాళ్లంతా ప్రభుత్వ జైళ్లలోనే మిగిలిపోయేవారు. సహజంగానే ప్రభుత్వ జైలు తలసరి ఖర్చు పెరిగి కనిపించేది. ఆ తేడా సర్దుబాటు చేసి రాష్ట్ర జైళ్ల శాఖే లెక్కవేస్తే, మధ్యస్థ భద్రత జైళ్లలో ప్రైవేటు ఖర్చు ప్రభుత్వ ఖర్చుకు సమానంగానో, ఎక్కువగానో తేలింది. ప్రైవేటు, ప్రభుత్వ జైళ్ల ఖర్చునూ నాణ్యతనూ పోల్చి చూడాలని అరిజోనా చట్టంలోనే ఒక నిబంధన ఉండేది. 2012లో శాసనసభ ఆ నిబంధననే తీసేసింది. నాకు ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. లెక్క నచ్చకపోతే లెక్కవేయడమే మానేశారు.

దీన్ని మన ఊరికి తెచ్చుకుని ఆలోచించండి. చర్లపల్లిలో ఒక ఖైదీకి గుండెనొప్పి వస్తే గాంధీకో ఉస్మానియాకో తీసుకెళ్తారు. అంబులెన్సు ఎవరిది, ఎస్కార్టు పోలీసులు ఎవరి జీతం మీద వస్తారు, వార్డు బయట రాత్రంతా కాపలా ఎవరిది? కోర్టు వాయిదాలకు నాంపల్లి తీసుకెళ్లి తీసుకొచ్చేది ఎవరు? కంపెనీ కొటేషన్‌లో ఇవేవీ ఉండవు. పోలీసు శాఖ పద్దులోనో, వైద్య శాఖ పద్దులోనో తేలతాయి. ఇంకో సంగతీ ఉంది. మన జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతోంది, 'మై నేషన్' పేరుతో ఖైదీలు తయారుచేసిన వస్తువులు అమ్ముతోంది. ఆ రాబడి ఎవరికి పోతుంది? మెసేజ్ రాసినవారు ఇవేవీ అడగలేదు.

"ఒప్పందం గట్టిగా రాస్తే చాలు"

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. జైలు నడపడంలో పెద్ద ఖర్చు జీతాలు. లాభం రావాలంటే కోత పడేదీ అక్కడే. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో పెద్ద జైలు ఒకటి సీసీఏ కంపెనీ (1983లో టెనెసీలో పుట్టిందని పైన చెప్పింది దీన్నే) చేతిలో ఉండేది. ఖైదీల మధ్య కొట్లాటలు ఎంతగా ఉండేవంటే దానికి 'గ్లాడియేటర్ స్కూల్' అని పేరు పడింది. ఏ షిఫ్టులో ఎంతమంది కాపలా ఉండాలో ఒప్పందంలో స్పష్టంగానే రాసుకున్నారు. ఆ గట్టి ఒప్పందం ఏం చేసిందో చూడండి: ఎవరూ నిలబడని చోట నిలబడ్డట్టు సుమారు 4,800 గంటల దొంగ డ్యూటీ రికార్డులు రాశామని 2013లో కంపెనీయే ఒప్పుకుంది. మరుసటి ఏడాది రాష్ట్రానికి 10 లక్షల డాలర్లు కట్టింది. 2014 జూలైలో ఆ జైలును రాష్ట్రమే నడుపుకోవడం మొదలుపెట్టింది. మస్టర్ రోల్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో, అసలు పనికే రానివాళ్ల పేర్లు చూసిన ప్రతి ఆడిటరుకూ ఈ జబ్బు తెలుసు. మస్టర్ రోల్ మోసంలో పోయేది డబ్బు. ఇక్కడ, లోపల కొట్లాట జరిగితే విడదీయడానికి మనిషి ఉండడు.

పర్యవేక్షణలో బ్రిటన్‌ను తక్కువ చేయలేం. అక్కడ ప్రతి ప్రైవేటు జైల్లోనూ కంట్రోలర్ అనే ప్రభుత్వ అధికారి ఉంటారు, పైన స్వతంత్ర తనిఖీ వ్యవస్థ ఉంది. అయినా 2011లో జీ4ఎస్ అనే కంపెనీకి అప్పగించిన బర్మింగ్‌హామ్ జైల్లో 2016లో పెద్ద అల్లర్లు జరిగాయి. 2018 ఆగస్టులో తనిఖీ అధికారులు వెళ్లి చూస్తే హింస, మత్తుమందులు, మురికి. కాంట్రాక్టు గడువు ఇంకా ఏళ్లు మిగిలి ఉండగానే ప్రభుత్వం జైలును తన చేతుల్లోకి తీసుకుంది. 2019లో శాశ్వతంగా వెనక్కి తీసుకుంది. కంపెనీ 99 లక్షల పౌండ్లు చెల్లించింది. అదే దేశంలో నిందితుల కాళ్లకు ఎలక్ట్రానిక్ ట్యాగులు వేసే కాంట్రాక్టులో చనిపోయినవాళ్ల పేరు మీద, మళ్లీ జైలుకు వెళ్లినవాళ్ల పేరు మీద కూడా బిల్లులు పెట్టారని 2013లో తేలింది. సెర్కో అనే కంపెనీ 6.85 కోట్ల పౌండ్లు, జీ4ఎస్ దాదాపు 10.9 కోట్ల పౌండ్లు కట్టవలసి వచ్చింది. ఆ బిల్లులు ఏళ్ల తరబడి పాసయ్యాయి. అంత పటిష్ఠమైన వ్యవస్థ కళ్లముందే ఇది జరిగింది.

మన దగ్గర చూసే కన్ను ఏది? ప్రభుత్వ జైలు పద్దుల్ని కాగ్ నేరుగా చూస్తుంది. కంపెనీ పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి అది కోర్టు వివాదం అవుతుంది. ప్రైవేటు విద్యుత్ పంపిణీ కంపెనీల ఖాతాలు కాగ్ చేత ఆడిట్ చేయించాలని ఢిల్లీ ప్రభుత్వం నిర్ణయిస్తే, 2015లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. సమాచార హక్కు చట్టం సంగతీ ఇంతే. ఈరోజు జైళ్ల శాఖకు పది రూపాయలు కట్టి అడిగే ప్రశ్నకు, రేపు 'మేం పబ్లిక్ అథారిటీ కాదు, ఇది వాణిజ్య రహస్యం' అన్న సమాధానం రావచ్చు. తనిఖీ యంత్రాంగం పెంచాలంటే దానికీ అధికారులు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. ఆ ఖర్చునూ మెసేజ్‌లోని 20 శాతంలోంచి తీసేయాలి.

"కెనడా, ఆస్ట్రేలియా కూడా అదే చేశాయి"

ఈ మాట గాల్లోంచి రాలేదు. 2017లో అప్పటి నీతి ఆయోగ్ సీఈఓ అమితాబ్ కాంత్ స్కూళ్లు, కాలేజీలతోపాటు జైళ్లనూ ప్రైవేటుకు ఇవ్వాలన్నారు, ఈ రెండు దేశాల అనుభవాన్నే ఉదహరించారు. ఆ అనుభవం ఏమిటో చూద్దాం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఒకే నమూనాలో రెండు పెద్ద జైళ్లు కట్టింది. పెనెటాంగ్విషీన్‌లోని దాన్ని 2001లో అమెరికా కంపెనీకి ఇచ్చింది, లిండ్సేలోని దాన్ని తానే నడిపింది. పోలికకు ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు. భద్రతలో, వైద్యంలో, విడుదలయ్యాక మళ్లీ నేరం చేయకుండా చూడటంలో ప్రభుత్వ జైలే మెరుగని తేలింది. 2006లో కాంట్రాక్టు పొడిగించకుండా ఆ జైలునూ వెనక్కి తీసుకున్నారు.

ఆస్ట్రేలియాలో మొదటి ప్రైవేటు జైలు 1990లో క్వీన్స్‌ల్యాండ్‌లోనే తెరిచారు. అదే క్వీన్స్‌ల్యాండ్, అవినీతి నిరోధక కమిషన్ విచారణ తర్వాత, తన రెండు ప్రైవేటు జైళ్లను 2021 నాటికి ప్రభుత్వ పరం చేసుకుంది. విక్టోరియా లాంటి చోట్ల ప్రైవేటు జైళ్లు ఇంకా నడుస్తున్నాయి, వాటిలో బాగా నడిచేవీ ఉండొచ్చు. మెసేజ్‌లో చెప్పింది మాత్రం సగం కథే.

"ప్రభుత్వానికి బాధ్యత తప్పుతుంది"

తప్పదు. ఇది మన తెలుగు నేల మీద తేలిన విషయం. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలు మీద దుండగులు బాంబులతో దాడిచేసి ఒక ఖైదీని చంపారు. ప్రాణానికి ముప్పుందని ముందే చెప్పినా కాపలా పెంచలేదు. పరిహారం అడిగితే, ఇది సార్వభౌమాధికార విధి (రాజ్యం మాత్రమే చేసే పని), మాకు బాధ్యత లేదని ప్రభుత్వం వాదించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. ఖైదీకీ జీవించే హక్కు ఉందని, రాజ్యం పరిహారం ఇచ్చి తీరాలని చెప్పింది. మనిషిని బంధించేది రాజ్యం. గేటు దగ్గర ఎవరి యూనిఫాం ఉన్నా అతని ప్రాణానికి పూచీ రాజ్యానిదే. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2009లో ఇంకో అడుగు ముందుకేసి, లాభం కోసం నడిచే సంస్థ చేతిలో మనిషి స్వేచ్ఛను పెట్టడమే అతని గౌరవానికి భంగమని, ప్రైవేటు జైలు చట్టాన్ని 8-1 మెజారిటీతో కొట్టేసింది. నేనూ ఆ ఎనిమిది మంది వైపే.

"నేరగాళ్లను మేపుతున్నాం"

2022 చివరినాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 75.8 శాతం విచారణ ఖైదీలు. అంటే నేరం రుజువు కానివాళ్లు. వంద మందికి కట్టిన చోట 131 మంది. ఖర్చు పెరగడానికి ప్రధాన కారణం ఇదే, కంపెనీ వస్తే ఇది తగ్గడానికి దారి లేదు. తలకింత అని చెల్లింపు ఉన్నచోట తలలు తగ్గాలని ఎవరు కోరుకుంటారు? 2013లో అమెరికాలో 62 జైలు ఒప్పందాలు పరిశీలిస్తే 41 ఒప్పందాల్లో 80 నుంచి 100 శాతం పడకలు నిండి ఉండాలని, లేదంటే ఖాళీ పడకలకూ ప్రభుత్వం డబ్బు కట్టాలని ఉంది.

తలకింత చెల్లింపు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీలు ఎలా పుట్టుకొచ్చాయో చూశాం. బకాయిలు రాకపోతే అవి బంద్‌కు పిలుపునివ్వడమూ చూశాం. ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామని ఆసుపత్రులు నోటీసులివ్వడమూ చూశాం. మన ప్రభుత్వాలు కాంట్రాక్టరు బిల్లులు ఎంత ఆలస్యంగా ఇస్తాయో ఆడిట్‌లో పనిచేసినవాడిగా నాకు బాగా తెలుసు. జైలు కంపెనీ బిల్లు ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? కూరల కాంట్రాక్టు ఆగుతుందా, రాత్రి డ్యూటీ వార్డర్లు తగ్గుతారా? మెసేజ్ మెచ్చుకున్నవారంతా ఈ ఒక్క ప్రశ్న గురించి ఆలోచించాలని నా విన్నపం.

ఖర్చు తగ్గించే దారులు చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపేస్తే, మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలు మినహా, బెయిలు ఇవ్వాలని కొత్త నేర విచారణ చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షను చెబుతోంది. పాత కేసులకూ అది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బెయిలు వచ్చినా పూచీకత్తు కట్టలేక లోపలే ఉండిపోయిన పేదలకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. ఆ పథకం కింద చంచల్‌గూడ నుంచి ఇప్పటిదాకా ఎంతమంది ఇంటికి వెళ్లారో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి అడగండి. దరఖాస్తు నేను రాసిపెడతాను. జైలు ఇంకా ప్రభుత్వానిదే కాబట్టి జవాబు ఇవ్వకుండా తప్పించుకోవడం వాళ్లకు అంత తేలిక కాదు.