పెద్దయ్యాక వాయిద్యం: అడ్డొచ్చేది టైమేనా?

నెల్లూరులోనూ ఒంగోలులోనూ నలభై దాటాక వీణో, వయొలినో పట్టుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, పిల్లలు పైచదువులకు వెళ్లాక కాస్త తీరిక దొరికిన గృహిణులు. విజయదశమికి కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. సంక్రాంతి దాటేసరికి చాలామంది వాయిద్యం మూలన చేరుతుంది. కారణం అడిగితే 'టైం దొరకట్లేదండీ' అంటారు. కొందరి విషయంలో అది నిజమే. చాలామందిని ఆపేది మాత్రం టైం కాదు, వాళ్లు తమను తాము కొలుచుకునే తీరు. ఐదో ఏట మొదలుపెట్టి, రోజుకు గంటల తరబడి సాధన చేసి, కచేరీ ఇస్తేనే సంగీతం వచ్చినట్టు అనుకుంటారు.

ఆ కొలత ఈ నేలమీద బలంగా ఉండటంలో వింతలేదు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర వంశంలోంచి వచ్చి 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. త్యాగరాజస్వామి పూర్వీకులదిగా చెప్పే కాకర్ల ఊరు కూడా ఉమ్మడి ప్రకాశం జిల్లాలోదే. ఇలాంటి పేర్లు వింటూ పెరిగినవాళ్లకు సంగీతమంటే పుట్టుకతో రావాల్సిందే అనిపిస్తుంది. కానీ చినమౌలానా జీవితంలోనే ఇంకో సంగతి ఉంది. ఇంట్లో తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాక కూడా, తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణుల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. చేతిలో విద్య ఉన్న మనిషే మళ్లీ పాఠానికి కూర్చుంటే, తొలి పాఠాలైన సరళీ వరుసల దగ్గర ఉన్న మనకు మొహమాటం దేనికి?

పదివేల గంటలు సాధన చేస్తేనే విద్య పట్టుబడుతుందనే లెక్క కూడా ఇలాగే భయపెడుతోంది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్ సంగీత విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలోంచి ప్రచారంలోకి వచ్చిన అంకె అది. వృత్తిగా తీసుకోబోయే మేటి వయొలిన్ విద్యార్థులు ఇరవై ఏళ్లు వచ్చేసరికి చేసిన సాధనకు సగటు. ఇంట్లో తన కోసం వాయించుకునే మనిషికి దానితో పనేముంది? అదే అధ్యయనంలో మనకు పనికొచ్చే మాట వేరే ఉంది. ఆ విద్యార్థులు ఏకబిగిన వాయించలేదు. విడతలుగా, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ, రాని చోటు మీద మనసుపెట్టి చేశారు.

మన సాధన దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. వచ్చిన కీర్తననే పల్లవి నుంచి ఎత్తుకుంటాం, తడబడే చోట తడబడతాం, మళ్లీ పల్లవికొస్తాం. అరగంటా అయిపోతుంది, ఆ తప్పు మాత్రం ఇంకా గట్టిపడుతుంది. వీణ మీద మోహన రాగం వాయిస్తున్నారనుకోండి. రిషభం (రి) పలికే మెట్టు మీద తీగను పక్కకు లాగి, దాని పై స్వరమైన గాంధారం (గ) పలికించాలి. కొత్తచేతి లాగుడు చాలదు, స్వరం కిందే ఆగిపోతుంది. అప్పుడు పాట పక్కనపెట్టాలి. ముందు గాంధారాన్ని దాని మెట్టు మీదే మీటి చెవిలో నింపుకోవాలి. తర్వాత రిషభం మెట్టు మీంచి లాగి, రెండూ ఒకటిగా వినిపించేదాకా నిదానంగా, తంబురా శ్రుతి వింటూ చేయాలి. పది నిమిషాలు ఈ ఒక్క పనికే పోయినా ఫర్వాలేదు. ఈ ఓపిక పిల్లలకంటే పెద్దవాళ్లకే ఎక్కువని నా నమ్మకం. వాళ్లకు ఎందుకు చేస్తున్నామో తెలుసు.

ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా ముట్టకపోవడం కంటే రోజూ అరగంట మేలు. వేలికొసలు కాయ కాయడానికైనా రోజూ తీగ తగలాలి. ఒక్కరోజే రుద్దితే మిగిలేది మంట. నేర్చుకున్న కదలిక నిద్రలో కుదురుకుంటుందని పరిశోధకులు కూడా చెబుతారు. రోజూ కాస్త చేసేవాడికి వారంలో ఏడు రాత్రులు కలిసొస్తాయి.

వీణవాళ్లకు ఇంకో మాట. దాని 24 మెట్లూ నిలిచేది మైనం మీద. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ తగిలే గదిలో పెడితే మైనం మెత్తబడి మెట్టు కదులుతుంది. అప్పుడు మీ వేళ్లను తిట్టుకోకండి, తెలిసినవాళ్లచేత మెట్లు సరిచేయించండి.

గృహిణుల సంగతి విడిగా చెప్పాలి. వాళ్ల అరగంటను ఇంట్లో ఎవరైనా లాగేసుకోవచ్చు. సాయంత్రం కాఫీ, పిల్లల ఫోన్, వచ్చిన చుట్టాలు, అన్నీ ఆ సమయానికే. 'అమ్మ సాధనలో ఉంది' అని ఇంట్లోవాళ్లు బయటివాళ్లకు చెప్పగలిగితే, ఏ గురువూ ఇవ్వలేనంత సాయం చేసినట్టే.

ఊరు చేయాల్సిందీ ఉంది. నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టారు. సర్టిఫికెట్, డిప్లొమా చదువులు ఎలాగూ అవసరమే. వాటితోపాటు పరీక్ష అక్కర్లేని పెద్దవాళ్ల కోసం ప్రభుత్వ పాఠశాలలూ ప్రైవేటు గురువులూ ఆఫీసు వేళలయ్యాక వారానికొక్క క్లాసు నడపాలి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన చేసే సభలు త్యాగరాజు పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడే గోష్ఠికి ముందు ఓ గంట వీళ్లకివ్వాలి. రెండేళ్లుగా నేర్చుకుంటున్న ఐదుగురు కలిసి కొత్తవాళ్లు నేర్చుకునే చిన్న రచనలైన ఒక గీతం, ఒక స్వరజతి వాయిస్తే చాలు. పేర్లు దసరాకే రాయించుకుంటే, ఆ మూడు నెలలూ రోజూ వీణ ముందు కూర్చోవడానికి వాళ్లకో కారణం దొరుకుతుంది.