ఒక పెద్దమనిషి ఆస్తి

పురాతన వెండి సామాను వేలం వేసే సంస్థల కేటలాగులు చదివే అలవాటు లేనివారు, ఈ లోకంలో నిజాయితీ ఇంకా మిగిలే ఉందని నమ్మే అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నారు. ఆ పుస్తకాల్లో దాపరికమన్నది కనిపించదు. వెండి బరువు గ్రాములతో సహా చెబుతారు, మీనా పూత ఏ మూల గోరంత రాలిందో చెబుతారు, మూత బందు ఎప్పుడో ఒకసారి ఊడితే అతికించిన సంగతిని కూడా దాచుకోరు. ఒక్క చోట మాత్రం వారికి హఠాత్తుగా సిగ్గు ముంచుకొస్తుంది. ఆ వస్తువు తమ దాకా ఎలా వచ్చిందో చెప్పవలసిన చోట "ఒక పెద్దమనిషి ఆస్తి, వంశపారంపర్యంగా సంక్రమించినది" అని రాసి, తల వంచుకొని తరువాతి లాటులోకి వెళ్లిపోతారు.

ఇటీవల ఇంగ్లండులోని ఇటువంటి ఒక సంస్థ కేటలాగులో వెండి మరచెంబు ఒకటి కనిపించింది. ప్లాస్టిక్ సీసాలు పుట్టకముందు రైళ్లలోను, తీర్థయాత్రల్లోను మన పెద్దలు మంచినీళ్లు మోసుకుపోయిన, మెడకు మర తొలిచి మూత తిప్పి బిగించే చెంబు అది. కేటలాగు పండితుడు దానిని "భారతీయ వెండి పాత్ర, 19వ శతాబ్దం, బహుశా పూజాదికాలకు ఉద్దేశించినది" అని నిర్ధారించాడు. భారతీయుడికి దాహం వేస్తుందన్న విషయం ఆ శాస్త్రంలో ఇంకా రుజువు కాలేదు. మన దేశం నుంచి వెళ్లిన ప్రతి గిన్నె, ప్రతి గరిటె అక్కడ పూజకే వాడబడుతుంది. మూల చరిత్ర అన్న శీర్షిక కింద, ఆ పెద్దమనిషిగారి ముత్తాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసే రోజుల్లో దానిని "సేకరించాడు" అని ఉంది.

అంతవరకు అలవాటైన వ్యవహారమే. అడుగుభాగం ఫొటో కింద "చుక్కలతో కూడిన అలంకరణ" అన్న మాట చూశాక మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆ అలంకరణ తెలుగులో ఉంది. మొదట "చి.ల.సౌ." అని ఉంది. ఆ తరువాత పేరున్న మేర తోమీ తోమీ నున్నగా అరిగిపోయింది. చివర "కు మేనమామ ఇచ్చినది" అని స్పష్టంగా చదువుకోవచ్చు. పాత్రల కొట్టు అరుగు మీద కూర్చొని, చిన్న ఉలిని చిన్న సుత్తితో టకటకమని కొడుతూ, చుక్క పక్కన చుక్క పెట్టి పేర్లు వేసే మనిషిని చూసినవారికి ఆ అక్షరాల వాలు వెంటనే గుర్తుకొస్తుంది. వాటిలో గుండ్రటి అక్షరాలు పూర్తిగా గుండ్రంగా రావు, తలకట్లు కొంచెం ఎగిరిపడుతుంటాయి. పెళ్లిపీటల మీద ఒక పిల్లకు మేనమామ పెట్టిన కానుక అది. ఆ పెద్దమనిషి ముత్తాత చి.ల.సౌ. కాదని, ఆయనకు ఆ మేనమామ బంధువు కాడని నిరూపించడానికి శాసన పరిశోధకులు అక్కరలేదు.

విషయం తెలియక రాసి ఉంటారన్న సదుద్దేశంతో ఆ సంస్థకు ఉత్తరం రాసి, ఆ అక్షరాలకు అర్థం వివరించాను. ఎంతో మర్యాదగా జవాబు వచ్చింది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, వివరణను సరిదిద్దుతున్నాము, తరువాతి కాలంలో చెక్కిన వ్యక్తిగత లేఖనం ఉన్నట్టు తేలినందున అంచనా ధరను కొంత తగ్గిస్తున్నాము అని. అంటే, ఆ చెంబు ఎవరిదో ఒకరిదని తెలియడం దానికొక లోపం. సొట్టకు, పగులుకు, అతుక్కు తగ్గించినట్టే, సొంతదారుకు కూడా కొంత తగ్గిస్తారన్నమాట.

అదే కేటలాగులో నాలుగు పేజీల అవతల 1788 నాటి లండన్ స్పూను ఒకటి ఉంది. దాని కాడ వెనుక వరుసగా ముద్రలున్నాయి. నడుస్తున్న సింహం బొమ్మ వెయ్యికి 925 పాళ్లు వెండి ఉందని చెబుతుంది, చిరుతపులి తల లండనులో పరీక్ష జరిగిందని చెబుతుంది, ఒక అక్షరం సంవత్సరాన్ని, రాజుగారి తల పన్ను కట్టిన సంగతిని చెబుతాయి. 'హెచ్ బి' అన్న పొడి అక్షరాలు హెస్టర్ బేట్‌మన్‌వి. భర్త పోయాక కార్ఖానా బాధ్యత నెత్తిన వేసుకొని, 1761లో తన ముద్రను నమోదు చేయించుకొన్న ఆ మహాతల్లిని గురించి కేటలాగు ఒక పేరా మురిసిపోయింది. మురిసిపోవలసిందే, కాదనను. ఆ రెండక్షరాలు ఉండడం వల్ల స్పూను ధర పెరుగుతుంది. ఒక ఇంగ్లీషు స్త్రీ పొడి అక్షరాలు చరిత్ర అయితే, ఒక తెలుగు పిల్ల పేరు గీత పడిన మచ్చ ఎలా అయిందో తేల్చడానికి ఏ సింహం ముద్రా సరిపోదు.

ఈ "పెద్దమనిషి" పద్ధతి ఎంత సౌకర్యంగా ఉందంటే, దీనిని మన పోలీసు శాఖలో వెంటనే ప్రవేశపెట్టాలని నా సవినయ మనవి. ఏదో ఒక టౌను స్టేషనులో, అర్ధరాత్రి గోడ దూకుతూ వెండి పళ్లెంతో పట్టుబడ్డవాడిని ఎస్సైగారి ముందు నిలబెట్టారనుకుందాం.

"ఎక్కడిదిరా ఇది?"

"ఒక పెద్దమనిషి ఆస్తి సార్. వంశపారంపర్యంగా వచ్చింది."

"ఎవడా పెద్దమనిషి?"

"పేరు చెప్పడం మా సంప్రదాయం కాదు సార్. గోప్యత ఉంటుంది."

"నీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"1970కి ముందే సార్. పురావస్తువుల అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం రాకముందే."

"నువ్వు పుట్టిందే 1985లో కదరా!"

"నేను కాదు సార్. మా తాత ఆ వీధిలోనే సర్వీసు చేశాడు. రాత్రి డ్యూటీ. అక్కడి కళల మీద మమకారంతో సేకరించాడు."

"అడుగున ఎవరిదో పేరుంది?"

"అలంకరణ సార్."

"అంచు నొక్కుకుపోయిందేం?"

"వయసుకు తగ్గ అరుగుదల సార్. గోడ దిగేటప్పుడు కొంచెం."

ఈ జవాబులు విన్న ఎస్సైగారు లేచి నిలబడతారు, కానిస్టేబులు చేత కుర్చీ వేయిస్తారు, టీ తెప్పిస్తారు. తెల్లవారాక ఆ పళ్లెం తాలూకు ఇల్లాలు ఏడుస్తూ వచ్చి, అది మా అమ్మ పెట్టిన పళ్లెం బాబూ అంటే, ఆవిడకు కూడా ఏ అన్యాయమూ జరగనివ్వరు. "అమ్మా, మీ మనోభావాలను మేము గౌరవిస్తాము. శుక్రవారం పది గంటలకు పాట ఉంది, మీరు కూడా నిరభ్యంతరంగా పాడుకోవచ్చు. గెలిచిన పాట మీద నాలుగో వంతు మా సంస్థకు అదనంగా చెల్లించాలి, అది అందరికీ ఉన్న నిబంధనే. ముందుగా మీ గుర్తింపు పత్రాలు మాత్రం చూపించాలి, ఎందుకంటే ఈ రోజుల్లో ఎవరిని పడితే వారిని నమ్మలేము" అని వినయంగా చెబుతారు.

ఇది అతిశయోక్తి అనుకునేవారు టిప్పు సుల్తాను సింహాసనం సంగతి చూడవచ్చు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలాక ఆ సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. పంచుకోవడం కూడా ఎంతో పద్ధతిగా, కమిటీ వేసి, హోదాల ప్రకారం జరిగింది. దాని మీది రత్నాలు పొదిగిన బంగారు పులితలల్లో ఒకటి అమ్మకానికి వచ్చినప్పుడు, 2021లో బ్రిటిష్ ప్రభుత్వం దాని ఎగుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. దాని విలువ 15 లక్షల పౌండ్లు. కారణం, అంత అమూల్యమైన వస్తువు దేశం దాటిపోయే ప్రమాదం ఉందట! ఏ దేశం దాటిపోయే ప్రమాదమో పాఠకులు రెండోసారి చదువుకోవాలి. మన చట్టం కూడా తక్కువది కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన మరచెంబును మనమెవరమూ దేశం దాటించరాదు. దొడ్డి వాకిలి గుండా సామానంతా పోయిన తరువాత వీధి తలుపుకు వేసిన తాళం కనుక అది చాలా గట్టిది.

తిరిగి రావడం జరగదని కాదు. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపాన్ని తవ్వించిన ఎస్టేటు దొర విలియం పెప్పే దగ్గర మిగిలిన బౌద్ధ రత్నాలు ఆయన వారసుల ద్వారా 2025 మేలో హాంకాంగ్‌లో సోదబీస్ వేలానికి వచ్చాయి. మన ప్రభుత్వం నోటీసు పంపాక పాట ఆగింది. జూలైలో గోద్రెజ్ సంస్థ వాటిని కొని దేశానికి చేర్చింది. కొని! బుద్ధుడి అస్థికలతో పాటు సమాధి చేసిన రత్నాలకు కూడా ధర కట్టి తెచ్చుకోవలసి వచ్చింది. సొంత సొమ్మును కొనుక్కోవడంలో మనకు అనుభవం తక్కువేమీ కాదులెండి. నిజాం నగలను 1995లో ప్రభుత్వం 218 కోట్లకు కొని, ఎవరి కంటా పడకుండా రిజర్వు బ్యాంకు ఖజానాలో భద్రపరచింది. ఎప్పుడో ఒకసారి ప్రదర్శన పెడితే, అద్దం వెనుక చూసి దండం పెట్టుకొని వస్తున్నాము.

ఆ ముత్తాతను నేను అన్యాయంగా అనుమానిస్తున్నానని, ఆయన డబ్బిచ్చి కొన్నాడేమోనని అనేవారుంటారు. కొని ఉండవచ్చు. మద్రాసులో అప్పుడు దొరల వెండికి మంచి గిరాకీయే ఉంది. పి. ఓర్ అండ్ సన్స్ కంపెనీ 'స్వామి వెండి' అన్న పేరుతో టీ కూజాల మీద, పంచదార గిన్నెల మీద మన దేవుళ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా వేయించి అమ్మేది. 1875 డిసెంబరులో ఇంగ్లండు యువరాజు మద్రాసు వచ్చిన నాటి నుంచి ఆ మోజు మరింత పెరిగింది. విష్ణుమూర్తి పక్కన పాలు, శివుడి కింద పంచదార. ఆ సామాను ఈనాటికీ వేలాల్లో బాగా పోతుంది. దాని అడుగున ఓర్ కంపెనీ ముద్ర ఉంటుంది. ఆ పది అవతారాలను వేళ్లు బొబ్బలెక్కేలా సాన పట్టి నిలబెట్టిన కంసాలి పేరు ఒక్క కూజా మీద కూడా ఉండదు. కేటలాగు ఆయనను "స్థానిక పనివారు" అని బహువచనంలో గౌరవిస్తుంది.

సరిగ్గా యువరాజు వచ్చిపోయిన మరుసటి ఏడాదే, 1876లో, ధాత కరువు వచ్చింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు మాడిపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా చాటారు. అదే నెలలో ప్రభుత్వ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల పరిశీలనకు దక్షిణాదికి వచ్చి, రోజంతా రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌండు ధాన్యం, ఒక అణా చాలునని తేల్చాడు. లక్షల మంది చచ్చిపోయారు. మెడలోవి, కాళ్లవి, పెట్టెలోవి అమ్ముకున్న వెండి నగలు బొంబాయి టంకశాలకు రాశులుగా చేరాయి. అప్పుడు ఒక ఇల్లాలు మేనమామ పెట్టిన మరచెంబును ఏ కొట్టు ముందుకు తీసుకెళ్లి, ఎన్ని సోలల జొన్నలకు ఇచ్చి వచ్చిందో, ఆ జొన్నలు ఎన్ని రోజులు వచ్చాయో, ఆ తరువాత ఏమైందో ఏ కేటలాగులో ఉంది? దానిని కొన్నవాడి మనవడి మనవడు పెద్దమనిషి అవుతాడు, ఆమె చుక్కల అలంకరణ అవుతుంది. సేకరించాడట! ఆకలితో ఉన్నవాళ్ల గుమ్మం ముందు చేయి చాచి నిలబడడాన్ని సేకరణ అని పిలవడానికి నోరెలా వచ్చిందయ్యా మీకు?

మన సంగతి వేరే చెప్పుకోవాలి. అమ్మమ్మ కంచాన్ని షాపుకు తీసుకువెళ్లి తూకానికి వేసి, తరుగు తీయించుకొని, దాని మీది పేరును కళ్లముందే కొలిమిలో పెట్టించి, కొత్త డిజైను కుందులు తెచ్చుకునేవాళ్లం మనం. ఆ పాపం ఏ దొరదీ కాదు. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చప్పట్లు కొట్టినవాళ్లమే, వెంట్రుక లాంటి తీగను మెలిపెట్టి నెమలిని అల్లిన మనిషితో తూకం మీద మజూరీ బేరమాడతాము.

మరచెంబు పాట ముగిసింది. తగ్గించిన అంచనాకు రెట్టింపు పలికింది. సంస్థ వెలువరించిన ఫలితాల పట్టిక ప్రకారం చేసినవారు ఎవరో తెలియదు, వాడినవారి ప్రస్తావన లేదు, అమ్మినది ఒక పెద్దమనిషి, కొన్నవారి వివరాలు గోప్యం. పూర్తి పేరుతో ఉన్నది కమిషను తీసుకున్న సంస్థ ఒక్కటే. పట్టిక కింద, కొనుగోలుదారుల సౌకర్యార్థం, వస్తువు మీది అవాంఛిత లేఖనాలను ఆనవాలు లేకుండా తొలగించి మెరుగు పెట్టే నిపుణుల సేవలు కూడా లభించునని, అందుకు విడిగా రుసుము చెల్లించవలెనని ఉంది.