నొక్కాకే తెలుస్తుంది

ఆన్‌లైన్ దరఖాస్తు. ఐదు పేజీలు. నాలుగున్నర నింపి, ఇక గట్టెక్కాననుకుంటుండగా అడుగున చిన్న అక్షరాల్లో ఒక లింకు కనిపించింది: 'నియమాలు'. ఈ ఒక్కసారికి చదువుదామనే బుద్ధి ఎందుకు పుట్టిందో గానీ, నొక్కాను.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. మౌసు పాడైందేమోనని బల్లకేసి రెండు దెబ్బలు వేసి మరీ నొక్కాను. తీరా చూస్తే పైమూలన చిన్న బాణం గుర్తు ఎగిరెగిరి పడుతోంది. డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిస్తే నియమాలు, నియమాలు (1), నియమాలు (2)... అలా (6) దాకా ఏడుగురన్నదమ్ముల్లా బారులు తీరి ఉన్నాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది తెరవమని అడిగితే ఏడుసార్లు దాచిపెట్టింది.

పూర్వం 'తెరవమంటారా, దాచమంటారా' అని ఒక పెట్టె వచ్చి మర్యాదగా అడిగేది. మనమే విసుక్కునేవాళ్ళం. ఆ విసుగు ఎవరి చెవినో పడ్డట్టుంది. నా గొడవలో పాత్ర లేదు గానీ, ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరు కూడా 2022 మార్చిలో వచ్చిన 98వ వెర్షన్ నుంచి ఆ అడగడం తగ్గించి నేరుగా దించేసుకుంటోంది.

అసలు సంగతేమిటంటే, ఫైలుతోపాటు సర్వరు, అంటే ఆ సైటును నడిపే కంప్యూటరు, మన బ్రౌజరుకు ఒక చీటీ పంపుతుంది. 'ఇన్‌లైన్' అని ఉంటే ఇక్కడే చూపించు, 'అటాచ్‌మెంట్' అని ఉంటే దించుకో అని అర్థం. ఏమీ రాయకపోతే బ్రౌజరు తనకు తోచింది చేస్తుంది. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ మాట్లాడేసుకుంటారన్నమాట. నొక్కినవాడి ఊసే లేదు.

పక్కనే 'నమూనా పత్రం' అని ఇంకో లింకు. అదీ నొక్కాను. తెరనిండా చుక్కలూ డబ్బాలూ ప్రశ్నార్థకాలూ! అది వర్డ్ ఫైలు. సర్వరేమో చీటీలో ఉత్త టెక్స్టు అని రాసి, సొంత తెలివి వాడొద్దని కూడా హెచ్చరించినట్టుంది. మొదట్లో రెండక్షరాలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి: పీ, కే. డాక్స్ అనే ఈ రకం వర్డ్ ఫైలంటే లోపల జిప్ మూటేననీ (చాలా ఫైళ్ళను కుదించి ఒకటిగా కట్టింది), 1989లో జిప్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలే ఆ పీకే అనీ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ప్రాణం పీకే ఫైలనే అర్థమైంది.

కోపమొచ్చి బ్రౌజరు మార్చాను. ఫారం మొదటి నుంచీ నింపి నియమాలు నొక్కితే, ఆహా, పీడీఎఫ్ చక్కగా తెరుచుకుంది. చదివాను. చదివిన కాగితం పక్కన పడేసినట్టు మూలనున్న ఎక్స్ నొక్కాను. అది తెరుచుకున్నది ఫారం ఉన్న ట్యాబులోనే. ఐదు పేజీలూ దాంతోపాటే పోయాయి.

నన్నడిగితే, లింకు పక్కన 'పీడీఎఫ్, 2 ఎంబీ' అని ఒక్క ముక్క రాయాలి. వెబ్‌పేజీ కానిదేదైనా వేరే ట్యాబులో తెరవాలి. ట్యాబులు పెరిగిపోతాయని గొణిగేవాళ్ళుంటారు. వాళ్ళు ఐదు పేజీల ఫారం ఎన్నడూ పోగొట్టుకుని ఉండరు.

మూడోసారి నింపాను. ఏ లింకు జోలికీ పోలేదు. పంపించాను. రసీదు పీడీఎఫ్‌గా కళ్ళముందే తెరుచుకుంది. పేరు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది, పన్నెండంకెల దరఖాస్తు సంఖ్య కూడా ఉంది. రెండుసార్లు తృప్తిగా చదువుకుని, మూలనున్న ఎక్స్ నొక్కాను.

చివరి రెండంకెలు 47. అంతవరకు గట్టిగా గుర్తుంది.